వాలు

పరుపుల దుకాణంల మంచాలన్నీ ఒక దిక్కుకే ఒంగినయ్.
కాళ్ల కింద చెక్కముక్కలు ఇరికించిండ్రు, అయినా ఒంగుడే.
"పాత బిల్డింగు సార్, నేల సక్కగ లేదు" అంటడు సేల్సు పిల్లగాడు.
నేల సక్కగనే ఉన్నది బిడ్డా.
ఇంకా తెర దిక్కే సూస్తున్నది.

ఇది మెహతాబ్ టాకీసు.
ముషీరాబాదుల, కట్టెల అడితి పక్క సందు.
టికెట్ల కిటికీ ఎంత ఇరుకంటే
పిడికిలి బిగిస్తే చెయ్యి బయటికి రాదు,
చిల్లర మీద ఆశ ఇడిస్తేనే వచ్చేది.

నేనైతే టికెట్టు కొని ఎరగ.
ఒక్కటే ప్రింటు, రెండు టాకీసులు,
నడుమ నా సైకిలు.
ఇక్కడ ఆట షురువైన గంటకు అంబర్‌పేట రోషన్‌ల షురువు;
ఇక్కడ తిరిగిన రీలు వేడి ఆరకముందే అక్కడ ఎక్కాలె.
క్యారియర్ మీద రేకుడబ్బా,
పొయ్యి మీంచి దించిన గిన్నె లెక్క
వీపుకు సెగ.

ఏ సినిమా మొత్తం సూడలే.
రీలు అయిపోయేదాక నిలవడితే దొరికే
ఆఖరి రెండు నిమిషాలే నా వాటా.
తలుపు మూసుకునుడు, రైలు కదులుడు,
ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుసుడు.
ఎందుకో నాకు తెల్వదు.
తెర మీద, కుడి పైమూలకు, నల్లచుక్క పడేది.
మొహియుద్దీన్ సాబ్ రెండో మిషిన్ మీద చెయ్యేసి
"చల్ బే" అనేటోడు.
అప్పటికే నేను మెట్ల మీద.

కాలిన బొగ్గుకడ్డీల రాగిపొర ఒలుసుకోనిచ్చేటోడు,
దసరాకు అదే నా మామూలు.

ఒకనాడు రైలుగేటు పడ్డది.
గూడ్సుబండి సగం దాటి నిలవడ్డది.
నా దగ్గర పన్నెండో రీలు.
అటు రోషన్‌ల తెల్లతెర, ఈలలు, కుర్చీల ఇరుగుడు.
జనానా పరదా ఎనుక బీడీలు సుట్టి వచ్చిన ఆడోళ్లు,
అండ్ల మా అమ్మ.
హుసేన్‌బీ చేతిల టార్చి గుంజుకొని,
పరదా జరిపి, నిలవడి ఒర్లిందట:
"గమ్మునుండుండ్రి! మా పోరడు తెస్తుండు!"
ఆరువందల మంది గమ్మునున్నరట.
ఇదంతా అమ్మ చెప్పంగ ఎరుక.
నేనప్పుడు సైకిలు గేటు కాడ పారేసి
డబ్బా సంకల పెట్టుకొని
బోగీల నడుమ దూరుతున్న.

రీలు ఎక్కినంక నా దిక్కు ఎవ్వరు సూడలే.
సూస్తే నేను ఆలస్యం చేసినట్టు.

పరదా పోయింది. బాల్కనీ వచ్చింది.
ఉల్లిగడ్డ సమోస అట్లనే ఉన్నది, జర సన్నవడ్డది.
బ్లాకు టికెట్ల ఎట్టయ్య రామ్‌నగర్‌ల ఇల్లు కట్టిండు,
ఇంటింటికి వీడియో వచ్చినంక అదే ఇల్లు అమ్మిండు.
ఆనక పొద్దటాటలు, పోస్టరుకు సగం తెల్లకాగితం అంటించి.
లోపల ఇరవైమంది, ఒకరి మొఖం ఒకరు సూడకుంట
దూరం దూరం.
ఆనక గోదాము. ఆనక ఫంక్షన్‌హాలు:
పెండ్లిభోజనంల విస్తరాకు మీది పులుసు సైతం
తెర దిక్కే పారేదట.

సినిమాలిప్పుడు ఆకాశం నుంచి దిగుతయంట.
మంచిదే.
వాటికి గేటు పడది.

"పండుకొని సూడుండ్రి సార్, నడుంనొప్పికి ఇదే గట్టిది."

కాళ్లు తెర దిక్కు పెట్టి పండుకున్న.
వీపు కింద ప్లాస్టిక్ కవరు చప్పుడు.
కాళ్లకాడికి మెల్లగ జారుతున్న.
ఎదురుగోడకు, కుడి పైమూలకు,
వానకు ఊరిన మచ్చ ఒకటి,
రూపాయి బిళ్లంత, నల్లగ.

లేచి చెప్పులు తొడుక్కుంటున్న.
"నచ్చలేదా సార్?" అంటడు పిల్లగాడు.